రెండోసారి కూడా అదే రుచి

అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో సెలవురోజున కారు షెడ్డులోనో వంటింట్లోనో పెద్ద గిన్నె పొయ్యిమీద పెట్టుకుని, బార్లీ మాల్టును వేడినీళ్లలో నానబెట్టి, సొంతంగా బీరు కాచుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి అది వ్యాపారం కాదు, పొదుపు అంతకన్నా కాదు. కొన్న సామానుకూ పోయిన సెలవురోజుకూ లెక్క కడితే దుకాణంలో దొరికే సీసానే చౌక. అది ఒక వ్యాసంగం. అలాంటివాళ్లు ఇద్దరు ఎదురుపడితే ముందుగా ఒకరినొకరు అడిగేది, ఈమధ్య ఏం కాచావు, కొత్తగా ఏం అమర్చావు అని. జవాబులో ఎప్పుడూ ఏదో ఒక కొత్తదనం ఉండాలి. పోయిన నెల నారింజ తొక్కలు వేసిన గోధుమ బీరు, ఈ నెల కాఫీ గింజలు వేసిన నల్లబీరు, వచ్చే నెలకు పంపు బిగించిన యాభై లీటర్ల స్టీలు గిన్నె. ఇలా సాగిపోతుంటే పనితనం పెరుగుతున్నట్టే అని అందరూ అనుకుంటారు. నేను చెప్పబోయేది దానికి విరుద్ధం. ఇంట్లో బీరు కాచేవాడి పనితనానికి గీటురాయి కొత్త బీరు కాదు, పాత బీరు. పోయినసారి బాగా కుదిరినదాన్ని రెండోసారి కూడా అలాగే కాచగలిగితే అతనికి పని వచ్చినట్టు. కాచలేకపోతే మొదటిది కుదరడం అదృష్టం, అంతే.

ముందుగా మన నేల సంగతి చెప్పుకోవాలి. ఇంట్లో మద్యం తయారీ అనగానే మనకు గుర్తుకొచ్చేవి గుడుంబా, నాటుసారా. అవి బెల్లపు ఊటను పులియబెట్టి, బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి దించేవి. బీరులో ఆ బట్టీ దశే లేదు. పులిసినదాన్ని పులిసినట్టే సీసాలో పోస్తారు. రెండూ వేరు వేరు పనులు, వాటి ప్రమాదాలూ వేరు. అయినా మన చట్టం రెంటినీ ఒకే గాటన కడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని లైసెన్సు లేకుండా ఏ మద్యం తయారుచేసినా నేరమే. కాబట్టి నేను చెప్పేదంతా చట్టం ఒప్పుకున్న దేశాల్లో సాగుతున్న పని గురించి. అక్కడ కూడా చట్టం తేలిగ్గా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో 1880 నుంచి ఇంట్లో బీరు కాయాలంటే లైసెన్సు ఉండాలి. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. అమెరికాలో మద్యనిషేధం 1933లోనే పోయింది గాని, ఇంట్లో వైన్ చేసుకోవడానికి దొరికిన వెసులుబాటు బీరుకు దొరకలేదు. నలభై అయిదేళ్లు అలాగే గడిచాయి. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఇంట్లో వయసు వచ్చిన మనిషి ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గాని అంతకుమించి గాని ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు అని తేలింది. 200 గ్యాలన్లంటే దాదాపు 757 లీటర్లు. ఆ తర్వాత కూడా రాష్ట్రాలు ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వచ్చాయి. చిట్టచివర మిసిసిపీ, అలబామా ఒప్పుకున్నది 2013లో. సారా బట్టీకి మాత్రం ఆ 1978 చట్టం తలుపు తెరవలేదు.

ఇక పని ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా వాదనకు బలం ఆ వివరంలోనే ఉంది. మన తాటికల్లుకు ఇంత తతంగం అక్కర్లేదు. చెట్టే తియ్యటి నీరిస్తుంది, కుండకు అంటుకుని ఉన్న ఈస్టు దాన్ని పులియబెడుతుంది, పొద్దున దించినది తియ్యగా ఉంటే సాయంత్రానికి పుల్లబడుతుంది. బార్లీ గింజలో ఉన్నది చక్కెర కాదు, పిండిపదార్థం. ఈస్టు దాన్ని ముట్టుకోదు. అందుకని గింజను నానబెట్టి, మొలక రానిచ్చి, వేడిగాలికి ఆరబెడతారు. మొలకెత్తేటప్పుడు గింజలో పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములు తయారవుతాయి. అలా ఆరిన మొలకగింజే మాల్టు. ఇంట్లో కాచేవాడు దాన్ని కొనుక్కొచ్చి, బరకగా నలగగొట్టి, 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీళ్లలో గంటసేపు నానబెడతాడు. పిండి చక్కెరవుతుంది. ఆ తియ్యటి నీటిని వడకట్టి, హాప్స్ అనే తీగ పూలు వేసి ఇంకో గంట మరిగిస్తాడు. బీరుకు చేదు అక్కడ పడుతుంది. తర్వాత గబగబా చల్లార్చి, శుభ్రం చేసి పెట్టుకున్న మూతడబ్బాలో పోసి, ఈస్టు వేస్తాడు. రెండు వారాల్లో పులియడం ముగుస్తుంది. సీసాల్లో పోసేటప్పుడు లీటరుకు ఆరు గ్రాముల దాకా చక్కెర కలిపితే, మిగిలి ఉన్న ఈస్టు దాన్ని తిని సీసాలోనే గ్యాసు పుట్టిస్తుంది. మామూలుగా ఒక వాయి అంటే అయిదు గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. చిన్న సీసాలైతే యాభైకి పైగా.

ఈ వరసలో ఒక్క నానబెట్టే వేడినే తీసుకుందాం. పిండిని విడగొట్టే ఎంజైముల్లో రెండు ముఖ్యమైనవి. బీటా అమైలేజ్ 60, 65 డిగ్రీల మధ్య చురుగ్గా ఉంటుంది; ఈస్టు ఇష్టంగా తినే మాల్టోజ్ అనే చక్కెరను ఇస్తుంది. ఆల్ఫా అమైలేజ్ 70 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. పిండి గొలుసును ఎక్కడపడితే అక్కడ తెంచుతుంది, ఈస్టు తినలేని పెద్ద ముక్కలు కూడా వదులుతుంది. అంటే 65 దగ్గర నానబెడితే బీరు పలచగా, తీపి లేకుండా వస్తుంది. 69 దగ్గర నానబెడితే నోటికి చిక్కగా, కాస్త తియ్యగా తగులుతుంది. ఈ తేడాను చూపించే పనిముట్టు హైడ్రోమీటరు. నీళ్లలో 1.000 చూపించే గాజుగొట్టం, తియ్యటి మాల్టు నీటిలో 1.050 చూపిస్తుందనుకోండి. పులియడం అయ్యాక ఒక వాయి 1.010 దగ్గర, ఇంకో వాయి 1.016 దగ్గర ఆగిపోయాయి. మొదటిదాంట్లో ఆల్కహాలు అయిదుంపావు శాతం, రెండోదాంట్లో నాలుగున్నర శాతం లోపు. నాలుగు డిగ్రీల వేడిలో వచ్చిన తేడా ఇది. ఇప్పుడు ఒకాయన రెండోసారి కాచేటప్పుడు మాల్టు మార్చాడు, హాప్స్ మార్చాడు, ఈస్టు మార్చాడు, కొత్త గిన్నె కొన్నాడు, ఆ గిన్నెలో గంటసేపట్లో వేడి ఎంత పడిపోయిందో చూసుకోలేదు. బీరు చిక్కగా వచ్చింది. దేనివల్ల? ఆయన ఈస్టు పేరు చెబుతాడు, పక్కనున్నవాడు గిన్నె పేరు చెబుతాడు. ఎవరి మాటా తప్పని తేల్చలేం, ఎవరి మాటా నిజమనీ తేల్చలేం. అయిదు మార్పులకు ఒకే ఒక్క ఫలితం చూసినవాడికి తెలిసింది ఏమీ లేదు. ఒక్కటే మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి, నానబెట్టిన నీటి వేడి గంట మొదట్లో ఎంత, చివర ఎంత అని రెండు అంకెలు రాసుకున్నవాడు మాత్రం ఒక సంగతి నేర్చుకున్నాడు. అది చిన్న సంగతే కావచ్చు, కాని వచ్చే వాయికి పనికొస్తుంది.

పులిసేటప్పటి వేడి ఇంతకన్నా మొండి వ్యవహారం. చలికాలంలో ఇడ్లీపిండి పొంగకపోతే మన ఇళ్లలో గిన్నెను పొయ్యి దగ్గరకు జరుపుతారు, ఎండాకాలంలో పుల్లబడకముందే ఫ్రిజ్‌లో పెడతారు. ఈ బీరు డబ్బాకూ అదే జాగ్రత్త కావాలి. మామూలు ఏల్ రకం ఈస్టుకు 18 నుంచి 22 డిగ్రీలు హాయి. లాగర్ రకానికి 9 నుంచి 13. పులియడమే వేడి పుట్టిస్తుంది గనక గదిలో 22 ఉంటే డబ్బా లోపల ఇంకో రెండు మూడు డిగ్రీలు, జోరుగా పొంగే రోజుల్లో అంతకు పైన కూడా ఉండవచ్చు. ఆ జోరులో ఈస్టు ఘాటైన ఆల్కహాలు వాసనలు, ముగ్గిన పండ్ల వాసనలు వదులుతుంది. తొందరపడి ముందే చల్లబరిస్తే ఇంకో చిక్కు. డయాసిటైల్ అనే పదార్థం వెన్న వాసన కొడుతుంది. ఈస్టు దాన్ని మళ్లీ తానే తినేస్తుంది గాని, అందుకు మరో రెండు మూడు రోజులు వెచ్చగా ఉండనివ్వాలి. పులియడం పూర్తికాకముందే సీసాలకెత్తితే రుచి సంగతి అటుంచి, సీసాలు పగులుతాయి. గాజుముక్కలు ఎగిరే పని అది, నవ్వులాట కాదు. హైడ్రోమీటరు రెండు మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపిస్తేనే సీసాకెత్తాలన్న నియమం అందుకే వచ్చింది. ఆ నియమం పాటించాలంటే నిన్నటి అంకె ఎక్కడో రాసి ఉండాలి గదా.

అలాగని సామాను మొత్తం దండగ అని నేను అనను. ఒకదాన్ని గట్టిగా సమర్థిస్తాను. పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి, దానికి బయట ఉష్ణోగ్రత నియంత్రించే చిన్న పెట్టె తగిలించి, దాని సెన్సరును పులిసే డబ్బా ఒంటికి ఆనించి కట్టడం. ఈ వ్యాసంగంలో ఉన్నవాళ్లు తరచు చేసుకునే అమరికల్లో ఇది చవకైనది, చూడటానికి అందమేమీ లేనిది, అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది. ఎందుకంటే ఇది కొత్త రుచి ఏదీ ఇవ్వదు. పోయిన నెలా ఈ నెలా ఒకేలా ఉండేట్టు చూస్తుంది. నీళ్ల విషయమూ అంతే. మునిసిపాలిటీ నీటిలో ఉండే క్లోరిన్ మాల్టులోని ఫినాల్స్‌తో కలిస్తే ఆసుపత్రి మందుల వాసన వస్తుంది. క్లోరమైన్ అయితే మరిగించినా ఒక పట్టాన పోదు. పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడి చిటికెడంత వేస్తే ఆ బెడద తీరుతుంది. వేలు పోసి కొన్న స్టీలు గిన్నె తీర్చలేని లోపాన్ని ఆ చిటికెడు పొడి తీరుస్తుంది. ఇక బీరులో తేలుతూ, ఫోనుకు గ్రావిటీ అంకెలు, అంటే హైడ్రోమీటరు చూపించే అంకెలే, పంపే ఎలక్ట్రానిక్ గొట్టాలు వచ్చాయి. ఐస్పిండెల్ అనే దాని నమూనా ఎవరైనా సొంతంగా చేసుకునేట్టు బహిరంగంగానే ఉంది. చేతిపని ఇష్టమున్నవాళ్లకు మంచి కాలక్షేపం. కాని అది పదిహేను నిమిషాలకొకసారి అంకె పంపితే దాన్ని చూసి మురిసిపోవడమే ఎక్కువ. డబ్బాలో ఏం జరిగిందో అది చెబుతుంది. మీరు ఏం చేశారో చెప్పదు. రెండోది మీరే రాసుకోవాలి.

బీరుకూ కొలతకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1784లో ఇంగ్లండులో జాన్ రిచర్డ్‌సన్ అనే ఆయన సాకరోమీటర్, అంటే మాల్టు నీటిలో చక్కెరను కొలిచే హైడ్రోమీటరు, వాడకం గురించి పుస్తకం రాశాడు. అప్పటికి లండనులో నల్లటి పోర్టర్ బీరుదే రాజ్యం. దాన్ని ముదురు రంగు మాల్టుతో కాచేవారు, అది చవక అని నమ్మకం. కొలిచి చూస్తే తేలిందేమిటంటే, లేతరంగు మాల్టు ధర ఎక్కువైనా దాంట్లోంచి దిగే చక్కెర ఇంకా ఎక్కువ. పోర్టర్ కాచేవాళ్లు క్రమంగా లేత మాల్టు వైపు తిరిగారు. బీరు రంగు పోయింది, రంగు కోసం వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. 1817లో డేనియల్ వీలర్ నల్లగా వేపిన మాల్టుకు పేటెంటు తీసుకునేదాకా ఆ వెతుకులాట సాగింది. నాలుక తరాల తరబడి పసిగట్టలేని సంగతిని సాకరోమీటర్ బయటపెట్టింది. కోపెన్‌హేగెన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ 1883లో ఒకే ఒక్క ఈస్టు కణం నుంచి శుద్ధమైన సంతతిని పెంచాడు. దానికి ముందు ఒక వాయి బాగుండి తర్వాతి వాయి పాడైతే కారణం చెప్పగలిగేవాళ్లు అరుదు. అదే ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ కొలమానం ప్రవేశపెట్టాడు. మన బడిపిల్లలు లిట్మస్ కాగితంతో పాటు నేర్చుకునే ఆ పీహెచ్ బీరు కంపెనీ డబ్బుతో నడిచిన ప్రయోగశాలలో పుట్టిందని చాలామందికి తెలియదు. ఈ పనులన్నిటి వెనకా ఉన్న అవసరం ఒక్కటే, నిన్నటి బీరు రేపు కూడా రావాలి.

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఇది. అయ్యా, వాళ్లవి ఫ్యాక్టరీలు. వాళ్లకు ఒకే రుచి కావాలి, ఎందుకంటే సీసామీద పేరుంది. సెలవురోజు సరదాకు కాచుకునేవాడికి ఆ చాకిరీ ఎందుకు? అమెరికాలో ఈ వ్యాసంగానికి పెద్దదిక్కు అనదగ్గ చార్లీ పపాజియన్ కూడా కంగారుపడొద్దనే గదా కొత్తవాళ్లకు చెప్పింది? నిజమే. 1978లో కొలరాడోలోని బౌల్డర్‌లో అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్‌ను ప్రారంభించిన ఇద్దరిలో ఆయన ఒకడు, 1984లో వచ్చిన ఆయన పుస్తకం పట్టుకుని కాచడం నేర్చుకున్నవాళ్లు ఎందరో. కాని కంగారు ఎప్పుడు పుడుతుంది? డబ్బాలో నురుగు రాకపోతే, ఏం చేశానో గుర్తులేకపోతే. పోయినసారి కూడా ముప్ఫై గంటల తర్వాతే నురుగొచ్చిందని కాగితం మీద ఉంటే మూత తీసి చూడక్కర్లేదు, మూత తీసి పాడుచెయ్యక్కర్లేదు. సరదా మాటకొస్తే, కొత్త వంటకం వెంట కొత్త వంటకం చేసుకుంటూ పోయేవాడి సరదా ఎక్కువ కాలం నిలవదని నా అభిప్రాయం. ఏ బీరు ఎందుకు కుదిరిందో తెలియనివాడు కొంతకాలానికి విసిగి గిన్నె అటకెక్కిస్తాడు. పనిని ప్రేమించినవాళ్ల చరిత్ర చూడండి. కాలిఫోర్నియాలో చీకో అనే ఊళ్లో ఇంట్లో బీరు కాచేవాళ్లకు సరుకులమ్మే చిన్న దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్, 1980లో సియెర్రా నెవాడా బ్రూయింగ్ కంపెనీ మొదలుపెట్టాడు. అక్కడి పేల్ ఏల్ బీరు అనుకున్నట్టు ఒకే తీరుగా వచ్చేదాకా తొలి వాయిలు చాలా పారబోశారు. డబ్బు బొటాబొటిగా ఉన్న రోజుల్లో పారబోశారు. కొత్త రకం కోసం కాదు, ఒకే రకం కోసం.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా తెలివైనది. హైడ్రోమీటరు, థర్మామీటరు పుట్టకముందు వేల ఏళ్లుగా ఆడవాళ్లూ రైతులూ ఇళ్లలో బీరు కాచారు గదా, వాళ్లకు ఏ నోటుపుస్తకం ఉంది? నార్వే పశ్చిమ తీరపు పల్లెల్లో ఇప్పటికీ మిగిలి ఉన్న సంప్రదాయాన్ని ఉదాహరణగా తీసుకుంటారు. అక్కడి రైతులు క్వైక్ అని పిలిచే ఈస్టును చెక్క కడియాలమీదో బట్టలమీదో ఆరబెట్టి, ఒక కాపు నుంచి మరో కాపుకు, ఒక తరం నుంచి మరో తరానికి దాచుకుంటూ వచ్చారు. 30 డిగ్రీల పైన, ఒక్కోసారి 40 దగ్గర కూడా అది శుభ్రంగా పులియబెడుతుంది. మామూలు ఏల్ ఈస్టు అంత వేడిలో చెడు వాసన కొడుతుంది. ఈ సంప్రదాయాల గురించి లార్స్ మారియస్ గార్షోల్ ఇల్లిల్లూ తిరిగి సమాచారం సేకరించాడు, ఆ ఈస్టు ఇప్పుడు ప్రపంచమంతటా పొట్లాల్లో దొరుకుతోంది. కాని ఆ రైతు ఏం చేశాడో గమనించండి. అదే పొలంలో పండిన బార్లీ, అదే బావి నీళ్లు, అదే రాగి కాగు, తాత ఇచ్చిన అదే ఈస్టు, పండగకు పండగకు అదే బీరు. వాళ్ల బతుకులో మార్పులు తక్కువ. పునరావృత్తి వాళ్లకు పుట్టుకతో వచ్చింది. ఒక్కటి మారితే, ఆ ఏడు వర్షాలు ఎక్కువై గింజ పాడైతే, చెయ్యి వెంటనే పట్టేస్తుంది. ఇవాళ నగరంలో కాచేవాడు నెలకో దేశపు బీరు కాస్తున్నాడు, నెలకో ఈస్టు కొంటున్నాడు. రైతుకున్న నిలకడా అతనికి లేదు, ఫ్యాక్టరీకున్న కాగితమూ లేదు. నార్వే రైతును చూపించి నోటుపుస్తకం మానెయ్యాలంటే, ముందు ఆ రైతులా జీవితమంతా ఒకే బీరు కాయాలి.

ఇక తెలుగు శ్రోతల మనసులో ఇంతసేపటి నుంచీ ఉన్న ప్రశ్న. ఇంత కష్టపడి నేర్చుకోవడానికి మద్యం తప్ప ఇంకేమీ దొరకలేదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారామీద తిరగబడిన నేలమీద ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చడం తప్పు. ఆ ఉద్యమం దెబ్బకు 1993లో సారా అమ్మకం ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలింది. తాగుడు కాపురాలను ఏం చేస్తుందో ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో యాభై సీసాలు ఎప్పుడూ నిలవ ఉండే వ్యాసంగం అలవాటును పెంచదని నేను హామీ ఇవ్వలేను. ఈ వ్యాసంగంలో ఉన్నవాళ్లు ఈ మాట తమలో తాము అనుకోవలసినంత అనుకోరు కూడా. అయితే నా వాదన ఇక్కడ కాస్త అక్కరకొస్తుంది. నేర్చుకోవడమే లక్ష్యమైతే 19 లీటర్లు అనవసరం. నాలుగు లీటర్ల వాయి చాలు. దానికి వంటింటి గిన్నె సరిపోతుంది, మూడు గంటల్లో పని ముగుస్తుంది, పది పన్నెండు సీసాలొస్తాయి. పెద్ద వాయి ఒకటి కాచే మాల్టుతో చిన్నవి నాలుగు కాచి, వాటి మధ్య ఒక్కొక్క మార్పే చేసుకోవచ్చు. తాగడానికి కాచేవాడు పెద్ద గిన్నె కొంటాడు, నేర్చుకోవడానికి కాచేవాడికి చిన్న గిన్నె చాలు. అమెరికాలో స్థిరపడి అక్కడి చట్టం ప్రకారం ఈ పని చేస్తున్న తెలుగువాళ్లకైనా ఈ తేడా మనసులో పెట్టుకోవడం మంచిది.

చివరగా, కొలత మీద నమ్మకమున్నవాళ్లే తెచ్చే అభ్యంతరం ఒకటి మిగిలింది. గత పదేళ్లకు పైగా ఇంట్లో బీరు కాచేవాళ్లు కొందరు ఒక పద్ధతి పాటిస్తున్నారు. ఒకే ఒక్క తేడాతో రెండు వాయిలు కాస్తారు. మూడు గ్లాసుల్లో పోస్తారు, రెంటిలో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. తాగేవాళ్లకు ఏది ఏదో చెప్పరు, వేరేది ఏదో కనిపెట్టమంటారు. ఊరికే వేలు పెట్టినా మూడింట ఒక వంతు మంది సరిగ్గా చెబుతారు. అంతకన్నా బాగా ఎక్కువమంది చెబితేనే తేడా ఉన్నట్టు. ఇలా చేసిన పరీక్షల్లో చాలాసార్లు, పుస్తకాలు భయపెట్టిన మార్పుల తేడా కూడా తాగినవాళ్లకు దొరకలేదు. అలాంటప్పుడు ఇన్ని అంకెలు ఎందుకు అని వీళ్లు అడుగుతారు. ఇక్కడ డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గాసెట్‌ను తలుచుకోవాలి. పదీ పన్నెండు నమూనాల నుంచి ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చన్నది ఆయనకు ఎదురైన సమస్య. 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఆయన అచ్చువేసిన పద్ధతి నుంచే ఇవాళ్టి టీ-టెస్టు పెరిగింది. వైద్యం నుంచి వ్యవసాయం దాకా అందరూ వాడుతున్నారు. ఆయన పని నుంచి తేలే సంగతి ఇక్కడ వర్తిస్తుంది. ఇరవైమంది తేడా పట్టలేకపోయినంత మాత్రాన తేడా లేదని కాదు, ఆ ఇరవైమందితో దాన్ని చూపించలేకపోయామని మాత్రమే. ఒక ఇంట్లో ఒక బీరుతో జరిగిన పరీక్ష ఇంకో ఇంటి నీళ్లకు, ఇంకో ఈస్టుకు చెల్లకపోవచ్చు. అయినా ఆ పరీక్షలు మంచివే అంటాను, ఎందుకంటే ఏది పట్టించుకోనక్కర్లేదో కూడా అవే తేలుస్తాయి. కొన్ని అంకెలు రాయడం మానెయ్యాలన్నా, కొన్నాళ్లు రాసి చూసినవాడికే ఆ హక్కు.

తన బీరు రుచికి తన నాలుక త్వరగా అలవాటు పడుతుంది గనక, బయటివాళ్ల నాలుక కూడా కావాలి. అందుకే పోటీలు వచ్చాయి. అమెరికాలో 1985 నుంచి బీర్ జడ్జి సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే సంస్థ న్యాయనిర్ణేతలకు పరీక్షలు పెట్టి, యాభై మార్కుల పత్రంతో బీరును తూయిస్తోంది. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తంగా కలిగిన అభిప్రాయానికి 10. పోటీకి పంపేవాళ్లు ఎక్కువగా చూసేది మొత్తం మార్కులు, పతకం. అసలు సరుకు పక్కన రాసిన రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది, కాని ఆ పత్రం ఇంటికొచ్చేసరికి వారాలు గడిచిపోయి ఉంటాయి, ఆ వాయి సీసాలు ఖాళీ అయి ఉంటాయి. వెన్న వాసన కొంచెం తగిలింది అని ఉందనుకోండి. కాగితం లేనివాడు నొచ్చుకుంటాడు, లేదా న్యాయనిర్ణేతకు నాలుక లేదంటాడు. కాగితం ఉన్నవాడు పేజీ తిప్పి చూస్తాడు. నాలుగో రోజు గ్రావిటీ 1.014. అయిదో రోజు ఫ్రిజ్ 5 డిగ్రీలకు దించాను. పక్కన ఇంకో వాక్యం రాసుకుంటాడు: ఈసారి అదే మాల్టు, అదే ఈస్టు, అదే వేడి, అంకె కదలకుండా ఆగాక మరో మూడు రోజులు 20 డిగ్రీల దగ్గరే ఉంచాలి, తర్వాతే దించాలి.